మా నాయన శృతి

మా చర్చిలో పాట ఎత్తేది మా ఇంటివాళ్ళే. ఎత్తడమంటే పల్లవి మొదట ఒక్కరే పాడి, మిగతా అందరికీ దారి చూపడం. తాత ఆదోనిలో పత్తి మిల్లు నడిపిన రోజుల్లో చర్చికి స్థలమిచ్చి, గోడలు లేపించి, కాళ్ళతో తొక్కే హార్మోనియం తెప్పించి దాని ముందు తానే కూర్చున్నాడు. తర్వాత మా నాయన కూర్చున్నాడు. నాయనకు మగపిల్లలు లేరు. అందుకని నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తన శృతిలోనే పాడటం నేర్పించాడు. ఒకటో శృతి. మగవాళ్ళ గొంతుకు సరిపోయేది. నా గొంతు అక్కడికి దిగేదాకా వదల్లేదు. దిగింది. అక్కడే ఉండిపోయింది.

మిల్లు పోయింది. ఆ స్థలంలో ఇప్పుడు ఫంక్షన్ హాలు ఉంది. ఇల్లూ పోయింది. నేను రెండు అద్దె గదుల్లో ఉంటూ ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. నాయన పోయాక పాట ఎత్తడం మాత్రం నాకు మిగిలింది. ఆదివారం ఇస్త్రీ చీర కట్టుకుని, కుర్చీకి వీపు ఆనించకుండా కూర్చుని, ఒకటో శృతి మెట్టు నొక్కి ఎత్తేదాన్ని. వెనక నుంచి ఆడవాళ్ళ గొంతులు సన్నగా, అణిగి వినిపించేవి. అది భక్తి అని నాయన చెప్పేవాడు.

ఆదోని, ఎమ్మిగనూరు చర్చీల్లో పాడేవాళ్ళూ వాయించేవాళ్ళూ కలిసి ఒక గాన సమాజం పెట్టుకున్నారు. చప్పట్లు కొట్టే చర్చివాళ్ళూ, కొట్టని చర్చివాళ్ళూ అందులో ఉన్నారు. ఈసారి ఈస్టర్‌కు ముందు వచ్చే మట్టలాదివారం సాయంత్రం ఉమ్మడి కూడిక మా చర్చిలో అనుకున్నారు. మా చర్చి కాబట్టి మొదటి పాట నేనే ఎత్తాలన్నారు. నేను అడగలేదు. అడిగే అలవాటు మా ఇంట్లో లేదు.

ప్రాక్టీసు ఎమ్మిగనూరులో పెట్టారు. కిటికీలోంచి మగ్గాల చప్పుడు వస్తోంది. నేను ఎప్పటిలాగే ఎత్తాను. పల్లవి పూర్తి కాకముందే ఆడవాళ్ళ వైపు నడిపించే ఎమ్మిగనూరు ఆమె చెయ్యి పైకెత్తింది. నేతపని ఇంటి మనిషి. పెద్ద గొంతు.

“ఆపక్కా, ఆపు. మీ ఇంటి శృతికి ఆడోళ్ళం కిందికి పోతే బావి, పైకి పోతే తాటిచెట్టు. యాడ నిలబడల్ల మేము?”

అందరూ నవ్వారు.

“అది మా నాయన శృతి,” అన్నాను.

“మీ నాయన మగోడు గదక్కా.”

మళ్ళీ నవ్వారు. డోలక్ వాయించే ఆయన తాళ్ళు బిగిస్తూ, “మిల్లు పోయినా సైరన్ పోలేదప్పా,” అన్నాడు పక్కాయనతో, నాకు వినపడేటట్లు.

ఆమె అతని మీదికి తిరిగింది. “నువ్వు ఊరకుండన్నా. నీ డోలక్కు యా శృతైనా ఒకటే.” తర్వాత నాతో అంది. “ఎత్తేది నువ్వేనక్కా. దాంట్లో మాటే లేదు. ఐదులో ఎత్తు, ఆడోళ్ళకు అందుతాది, సాలు.”

అందరూ సరేనన్నారు. నేనూ సరేనన్నాను.

మర్నాడు పొద్దున ఫోనులో ఐదో శృతి పెట్టుకుని పాడి చూశాను. పల్లవి సగంలో గొంతు విరిగింది. మళ్ళీ పాడాను. అక్కడే విరిగింది. పక్క వాటాలో కుక్కర్ కూత వేసింది. ఫోను ఆపి స్కూలుకు వెళ్ళాను. ఆ వారమంతా అంతే. ఐదులో ఎత్తలేకపోతే మా ఇంటికి మిగిలిన ఆ ఒక్కటీ వేరేవాళ్ళకు పోతుంది. ఒకటిలో ఎత్తితే ఇచ్చిన మాట పోతుంది. ఎవరికీ చెప్పలేదు.

మట్టలాదివారం సాయంత్రం పల్లెల నుంచి ఆటోల్లో, ట్రాక్టర్లలో జనం వచ్చారు. పిల్లల చేతుల్లో ఈత మట్టలు. చర్చి నిండి, గుమ్మం బయట కూడా నిలబడ్డారు. నేను కూర్చున్నాను. వేలు దానంతటదే ఒకటి మీదికి వెళ్ళింది. మా ఇంటివాళ్ళు నొక్కీ నొక్కీ ఆ మెట్టు కొంచెం గుంటపడి ఉంటుంది. వేలు తీసి ఐదు మీద పెట్టి తొక్కాను. శృతి నిండింది. అందరూ నా గొంతు కోసం ఆగారు.

నేను నోరు తెరవలేదు. భయం వేయలేదు. బాధ కూడా వేయలేదు. ఎదురుగా గోడలో తాత పేరు చెక్కిన రాయి ఉంది. దాని మీద సున్నం కారిన చార ఉంది. దాన్ని చూస్తూ తొక్కుతున్నాను.

ఎమ్మిగనూరు ఆమె నా పక్కకు వచ్చి వంగింది. “ఎత్తక్కా.”

“నువ్వు ఎత్తు.”

“నేనా?”

“శృతి నేనిస్తున్నాను. ఎత్తు.”

ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది. ఎత్తింది. పల్లవి తిరిగేసరికి వెనక నుంచి వచ్చిన శబ్దం నా వీపుకు తగిలింది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ చర్చికి వెళ్తున్నాను. అందులో అంత శబ్దం ఉందని నాకు తెలియదు.

కూడిక అయ్యాక మొదటి బెంచీ ముసలామె నా చెయ్యి పట్టుకుంది. ఒకప్పుడు మా మిల్లులో పత్తిలో చెత్త ఏరిన మనిషి.

“చిన్నమ్మా, ఈ పొద్దు పాడినానమ్మా నేను!”

“ప్రతి ఆదివారం పాడుతూనే ఉన్నావు కదా.”

“యాడ పాడితి? మీ తాత కాలం నుంచి ఉత్త నోరు ఆడిస్తాండా. నేనే కాదు, మా బెంచీ అంతా అంతే.”

“ఒక్కసారైనా చెప్పలేదే?”

“కూలిచ్చేటోళ్ళకు, మీ పాట మాకు అందలేదని ఎవురు సెప్తారమ్మా?” ఆమె నవ్వింది. నన్ను నొప్పించాలని అన్న మాట కాదు. బయటి నుంచి కోడలు ఆటో వచ్చిందని కేక వేసింది. ఆమె చెయ్యి వదిలి వెళ్ళిపోయింది.

నేను హార్మోనియం మీద గుడ్డ కప్పి, తాళం వేసి, ఇంటికి నడిచాను. అన్నం వండుకున్నాను. తిన్నాను.

తర్వాతి ఆదివారం ఈస్టర్. సంఘ పెద్దలు నన్నేమీ అడగలేదు. ఎత్తేది నేనే అనుకున్నారు. ఐదు నొక్కి, ముసలామె కోడలి వైపు చూసి తల ఊపాను. ఆ అమ్మాయి తడబడి అత్తను చూసింది. అత్త మోచేత్తో పొడిచింది. ఎత్తింది. చర్చి అంతా అందుకుంది.

నేను వీపు నిటారుగా పెట్టుకుని, తొక్కుతూ, వాళ్ళ పాటకు ఉత్త నోరు ఆడించాను.