మా తమ్ముడు గాలికుంచె ఎంచిన వైనం

మా తమ్ముడు ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. వాడి భార్య పోయాక నేను వచ్చి వాడింట్లోనే ఉంటున్నాను. నాకూ వెనకా ముందూ ఎవరూ లేరు. వంటిల్లు నాది, ముందు గది వాడిది. ఆ గది అరల నిండా చిన్న చిన్న విమానాలు. ప్లాస్టిక్ ముక్కలు అతికించి, రంగులు వేసి, అన్నీ వాడే చేసుకుంటాడు. రెక్క మీద కుంచె గీత కనిపించిందంటే ఆ పూట వాడికి అన్నం సహించదు.

అందుకని ఎయిర్‌బ్రష్ కొంటానన్నాడు. పెన్నంత గన్ను అది. పైన ఉన్న గిన్నెలో నాలుగు చుక్కల రంగు పోసి మీట నొక్కితే గాలితో కలిసి రంగు మంచులా పడుతుంది. ఆ గాలి పంపడానికి కంప్రెసర్ ఒకటి కావాలి. కొనుక్కోరా, ఎవరొద్దన్నారు అన్నాను. అక్కడే పప్పులో కాలేశాను.

కంప్రెసర్ సంగతి త్వరగానే తేలింది. ట్యాంకు లేనిదైతే గాలి ఎక్కిళ్ళు పెడుతూ వస్తుందట, రంగు మచ్చలు మచ్చలుగా పడుతుందట. ట్యాంకు ఉన్నదాన్ని చూపించి, చప్పుడే ఉండదు సార్ అన్నాడట షాపువాడు. అయితే నడిపించు అని వాడికి చెప్పి, తను వీధిలోకి వెళ్ళి తలుపు మూసి విన్నాడట మా వాడు. మోత వీధి చివరికి వినిపించిందట. మా ఇంట్లోవాళ్ళ చెవిలో పువ్వు పెట్టడం అంత తేలిక కాదు. చివరికి పాత ఫ్రిజ్‌లోని కంప్రెసర్ పీకి, ఖాళీ సిలిండరొకటి ట్యాంకుగా తగిలించి, నూనే తేమా గాలిలో కలవకుండా ఫిల్టరు బిగించి, సొంతంగా చేసుకున్నాడు. నడుస్తోందో లేదో దాని మీద చెయ్యి వేస్తే గానీ తెలియదు.

గన్ను దగ్గర మాత్రం ఆగిపోయాడు. లోపల రంగు వదిలే సూది సన్నగా ఉండాలా, లావుగా ఉండాలా అని ఒకటే మీనమేషాలు. ఆదివారాలు చాలక పనిరోజుల్లో కూడా, మధ్యాహ్నం పూట, గన్ను చూసొస్తానంటూ బయల్దేరడం మొదలుపెట్టాడు. వెళ్ళేముందు తల దువ్వుకునేవాడు, ఇస్త్రీ చొక్కా తొడుక్కునేవాడు. గన్నులమ్మేవాడి దగ్గరికి ఇస్త్రీ చొక్కా ఎందుకు? ఓ రోజు ఉతకబోతుంటే ఆ చొక్కా చేతి మీద లేత గులాబీ మరక కనిపించింది. వాసన చూశాను. విమానాల రంగుల వాసన నాకు తెలుసు. ఇది అది కాదు, ముఖానికి పూసుకునేది.

నాకు బెంగ పట్టుకుంది. ఉన్నమాట చెబుతున్నాను, బెంగ వాడి గురించి కాదు, నా గురించి. ఈ ఇంటికి ఇంకొకావిడ వస్తే వంటిల్లు ఆవిడదైపోతుంది. అప్పుడు నేనెక్కడికి పోవాలి? ఈ వయసులో ఎవరి పంచన చేరాలి? ఇంతకీ ఏ గన్ను బాగుందిరా అని కదిపితే, ఇంకా తేలలేదక్కా అని నీళ్ళు నమిలాడు. ఫ్రిజ్ చప్పుడు విని దాని జబ్బేమిటో చెప్పేవాడికి పెన్నంత గన్ను తేలలేదట.

మర్నాడు వాడి వెనకే బయల్దేరాను. బొమ్మల షాపు దాటాడు, మందుల షాపు దాటాడు, తిన్నగా వెళ్ళి బ్యూటీ పార్లర్ మెట్లెక్కాడు. తలుపు తోసుకెళ్ళిన తీరు చూస్తే ఆ గుమ్మం వాడికి కొత్తలా లేదు. నేను పుట్టి బుద్ధెరిగాక పార్లర్ మెట్టెక్కినదాన్ని కాను. ఆ రోజు ఎక్కాను.

బేరాల్లేని వేళ. పెద్ద అద్దం ముందు కుర్చీలో మా తమ్ముడు, వాడి ఒళ్ళో న్యూస్‌పేపరు, దాని మీద విమానం రెక్క. పక్కన పార్లరావిడ గన్ను పట్టుకుని నిలబడి ఉంది. వాడి ఈడుదే. అందరికీ రంగులు వేసే ఆవిడ ముఖాన ఏ రంగూ లేదు. పెళ్ళికూతుళ్ళకి మేకప్ ఇప్పుడు ఈ గన్నుతోనే కొడతారట. షాపువాళ్ళను నమ్మలేక, రోజూ వాడేవాళ్ళనే అడుగుదామని వచ్చాడట. ముందు కాగితం మీద మేకప్ రంగుతో నేర్చుకున్నాడట. మరక సంగతి తేలిపోయింది. ఆవిడ నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది.

"ముందు గాలి వదలాలి, ఆ తర్వాత రంగు. ఆపేటప్పుడు ముందు రంగు ఆపాలి. మీ తమ్ముడుగారు ప్రతిసారీ గాలి ముందు ఆపేస్తారండీ. అందుకే చుక్కలు పడుతున్నాయి" అంది నవ్వుతూ.

ప్రాణం లేచొచ్చింది. ఇంటికొచ్చి, ఉత్తి పుణ్యానికి తమ్ముణ్ణి అనుమానించానే అనుకుంటూ గిన్నెలు తోమడానికి కూర్చున్నాను. సగంలో చెయ్యి ఆగిపోయింది. వీడు బతుకంతా ఫ్రిజ్‌ల రాగి గొట్టాలు గ్యాసు మంటతో అతికించినవాడు. ఆ మంట వెలిగించేటప్పుడు ఏ గ్యాసు ముందు తెరవాలో, ఆర్పేటప్పుడు ఏది ముందు కట్టెయ్యాలో, ఆ వరస ఒక్కనాడూ తప్పలేదు. అలాంటివాడికి గాలీ రంగూ వరస పట్టుబడలేదా? కావాలనే తప్పుతున్నాడు.

ఇక ఊరుకోలేదు. మర్నాడే షాపుకెళ్ళి, పార్లరావిడ చేతిలో చూసినటువంటి గన్నే కొనుక్కొచ్చి వాడి బల్ల మీద పెట్టాను. ఇదిగో, తేలిపోయింది అన్నాను. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. భూతద్దం పెట్టి సూది పరీక్షించాడు. కంప్రెసర్‌కి తగిలించి, ఆ రెక్కకి ఈ చివర నుంచి ఆ చివర దాకా రంగు కొట్టాడు. ఒక్క చుక్క పడలేదు.

"బాగుందక్కా" అన్నాడు.

ఆ తర్వాత ఇస్త్రీ చొక్కా కొక్కేనికే వేలాడింది. విమానాలు అద్దాల్లా తయారయ్యాయి. వాటిని తిప్పి చూసుకోకుండానే అరలో పెట్టేస్తున్నాడు. సగం తిని లేస్తున్నాడు. అడిగితే ఆకలి లేదంటాడు. నాకు కావలసింది నాకు దక్కింది, నా వంటిల్లు నాకుంది. కానీ అందులో వండింది తినే మనిషి లేడు. వాణ్ణలా చూడటం నా వల్ల కాలేదు.

ఓ మధ్యాహ్నం వాడి బల్ల దగ్గరికి వెళ్ళాను.

"ఈ గన్ను ఎందుకో సరిగ్గా కొట్టడం లేదురా. ఆవిడకోసారి చూపించుకు రా" అన్నాను.

వాడు తలెత్తి అనుమానంగా చూశాడు.

"బాగానే కొడుతోంది కదక్కా."

"నీకేం తెలుసు? రోజూ వాడే మనిషి ఆవిడ. వెళ్ళు."

వెంటనే లేచాడు. తల దువ్వుకున్నాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, వస్తానక్కా అని గబగబా మెట్లు దిగాడు. తలుపు వేసి వెనక్కి తిరిగితే గన్ను బల్ల మీదే ఉంది, కంప్రెసర్ గొట్టం కూడా విప్పలేదు. గొట్టం విప్పి గన్ను చేతిలోకి తీసుకుని, కేకేద్దామని కిటికీ దగ్గరికి పరుగెత్తాను. వీధి మలుపు దాకా కనిపిస్తూనే ఉన్నాడు. నేను పిలవలేదు.