గవాక్షి లేని డేరా

2023 డిసెంబరు చివరి వారం. ఎమ్మిగనూరులో ఇరవై పడకల ప్రైవేటు నర్సింగ్‌హోం. అప్పటికి నేను స్టాఫ్ నర్సుగా పదిహేడేళ్లు పనిచేశాను. పదకొండేళ్లు ఆదోనిలో, ఆరేళ్లు ఇక్కడ. ఈ లెక్క ఎందుకు చెబుతున్నానంటే, ఆ పదిహేడేళ్లనూ ఎవరూ లెక్కలోకి తీసుకోని ఉదయం అది. పేషెంట్ల పేర్లు మార్చి రాస్తున్నాను.

శుక్రవారం పొద్దున ఏడింటికి డ్యూటీ ఎక్కాను. పది నిమిషాలకు ఒక మోటార్‌సైకిల్ మెట్లదాకా వచ్చి ఆగింది. నడిపే మనిషి ముందు, పెట్రోలు ట్యాంకు మీద, ఎనిమిదేళ్ల ఆడపిల్ల. పిల్లను చేనేత తువ్వాలతో తన ఛాతీకి కట్టుకున్నాడు. వెనక సీటు మీద చుట్టిన డేరా, దుప్పట్లు, ఒక గోనెసంచి. ముడి అతనికి ఊడలేదు. నేనే విప్పాను.

"ఏమైందప్పా?"

"వాంతులు సిస్టరమ్మా. తల నొస్తాందని ఏడుస్తాంది. లేపితే లేస్తాంది, మళ్లీ కండ్లు మూస్తాంది."

పేరు వీరేశ్. ఊళ్లోనే మగ్గం నేసే ఇల్లు. పాప పేరు పావని, మూడో తరగతి. బండిమీద పిల్లల్ని ఎక్కించుకుని కొండలకూ నదులకూ పోయి డేరాలో పడుకునే వాళ్ల వీడియోలు తండ్రీ కూతుళ్లు ఏడాదిగా చూస్తున్నారట. ముందురోజు సాయంత్రం మాధవరం దగ్గర తుంగభద్ర ఒడ్డున డేరా వేసుకున్నారు.

"ఈ సలిలోనా?"

"సలికాలంలోనే బాగుంటాదంట సిస్టరమ్మా, వీడియోల్లో. మా ఇంటామె వద్దనింది. ఇట్లయిందని తెలిస్తే నన్ను సంపుతుంది."

పాపకు జ్వరం లేదు. నాడి వేగంగా కొట్టుకుంటోంది. వేలికి పల్స్ ఆక్సీమీటర్ పెట్టాను. క్లిప్పులా ఉండే ఈ పరికరం, రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతం ఉందో చూపిస్తుంది. దాన్నే మేం సాచురేషన్ అంటాం. 95కి పైన ఉంటే మామూలుగా నిశ్చింత. పాపకు 99 చూపించింది.

డ్యూటీ డాక్టరు వచ్చాడు. చదువు ముగిసి ఏడాది కూడా కాని కుర్రవాడు. అంకె చూశాడు, తండ్రిని చూశాడు. "డిసెంబరులో పిల్లను బండిమీద తిప్పుతారా? చలిగాలి తగిలింది, అంతే" అని, వాంతులకు ఇంజెక్షన్, నొప్పికి సిరప్ రాశాడు. "అరగంట చూసి పంపించెయ్యండి" అని తన గదిలోకి వెళ్లిపోయాడు.

ఇంజెక్షన్ ఇచ్చి కేస్ షీట్‌లో టైము వేశాను. 7.20. తలెత్తేసరికి వీరేశ్ రెండు చేతులతో కణతలు నొక్కుకుంటున్నాడు.

"నీకేమైంది?"

"తలకాయ పగిలిపోతాంది. నిద్దర లేదు కదా, దాంతోనేలే."

అక్కడే నాకు అనుమానం తగిలింది. చలి తగిలితే పిల్లకు జలుబు చేస్తుంది, జ్వరం వస్తుంది. ఒకే డేరాలో పడుకున్న ఇద్దరికీ, జ్వరం లేకుండా, ఒకే పొద్దున ఒకే తలనొప్పి రాదు. డాక్టరు గదివైపు రెండడుగులు వేశాను. వేసి ఆగిపోయాను.

ఆ మంగళవారం ఒక ముసలాయనకు మందు మోతాదు ఎక్కువ రాశారని ఈ డాక్టరుకే చెప్పాను. "సిస్టర్, మీరు ఆలోచించొద్దు. రాసింది చెయ్యండి చాలు" అన్నాడు, నిండు ఓపీలో. మోతాదు దిద్దాడు గానీ మాట దిద్దలేదు. అప్పుడు బెంచీమీద ఎవరెవరు కూర్చున్నారో ఇప్పటికీ వరుసగా చెప్పగలను. శుక్రవారం ఆ రెండడుగుల దగ్గర నాకు ఆ బెంచీయే గుర్తొచ్చింది. ఆలోచించొద్దన్నాడు కదా, ఆలోచించను అనుకుని పక్క వార్డులో సెలైన్ సీసా మార్చడానికి వెళ్లాను.

తిరిగి వచ్చేసరికి 7.40. ఈసారి పిలిస్తే పావని పలకలేదు. చెవి తమ్మె గిల్లితే నెమ్మదిగా కళ్లు తెరిచింది.

"రాత్రి డేరాలో ఏం వెలిగించినావు?" అని వీరేశ్‌ను అడిగాను.

"ఏం లేదు. టార్చిలైటు."

నేలచూపులు చూస్తూ చెప్పాడు. పాప మొహం మీదికి వంగాను. "పావనీ, రాత్రి సలి పెట్టలేదామ్మా?"

"లే... ఎచ్చగుండె" అంది, మాట ముద్దగా. "అవ్వ కుంపటి ఇచ్చింది."

వీరేశ్ అప్పుడు తలెత్తాడు. "మా యమ్మ బలవంతంగా ఇచ్చిందమ్మా. బొగ్గులు గూడా తనే సంచిలో కట్టింది. బాలింతకు పెడతాం కదా, సలికాలం మేమందరం దాని పక్కనే పండుకొని పెరిగినాం. ఎవురికీ ఏం కాలేదు."

"మీది మట్టిమిద్దె కదా?"

"అవును."

"పైన గవాక్షి ఉందా?"

మిద్దె పైకప్పులో వెలుతురుకూ పొగకూ వదిలే రంధ్రం అది. మా పెద్దకడుబూరు వైపు కూడా పాత ఇళ్లన్నింటికీ ఉంటుంది.

"ఉంది."

"డేరాకు యాడుందప్పా గవాక్షి?"

అప్పుడు మిగతాది చెప్పాడు. నది గాలి దూరుతోందని డేరా మీద రెండు దుప్పట్లు కప్పి, జిప్పు మొత్తం వేశాడు. తెల్లవారుజామున పాప వాంతి చేసుకుంటే మెలకువ వచ్చింది. లేవబోతే కాళ్లు రాలేదు. పాకుతూ జిప్పు తీసి పిల్లను బయటికి లాగాడు.

మూసిన చోట బొగ్గులు కాలితే కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. వాసన ఉండదు. రక్తంలో ఆక్సిజన్ కూర్చోవలసిన చోట అది కూర్చుంటుంది. ఆక్సీమీటర్‌కు ఈ రెంటికీ తేడా తెలియదు. ఏది కూర్చున్నా ఆక్సిజనే అనుకుని 99 చూపిస్తుంది.

డాక్టరు గదిలోకి పరుగెత్తాను. "సార్, డేరాలో కుంపటి పెట్టుకున్నారు. కార్బన్ మోనాక్సైడ్. వెంటనే ఆక్సిజన్ పెట్టాలి."

"సాచురేషన్ 99 సిస్టర్. ఆక్సిజన్ పెడితే నూటపది అవుతుందా?"

మందుల షాపు కుర్రాడు పక్కనే ఉన్నాడు. నవ్వాడు.

"ఆ మిషను అబద్ధం చెప్తాంది సార్."

"యూట్యూబులో చూశారా?"

"ఆదోనిలో చూసినాను సార్. బాలింత గది, కొత్త స్లాబు ఇల్లు, కిటికీలన్నీ మూసి కుంపటి పెట్టినారు. తల్లి బతికింది."

తల్లి ఒక్కతే బతికిందని విడమరిచి చెప్పవలసిన అవసరం రాలేదు. డాక్టరు మొహంలో వెటకారం పోయింది. అయినా, "పెద్ద డాక్టరుకు ఫోన్ చేసి అడుగుతాను, ఆగండి" అన్నాడు.

"మీరు అడగండి. నేను పెడతాను."

"రాయకుండా పెడితే బాధ్యత మీది."

"నాదే. టైము గూడా రాసుకోండి సార్."

7.50కి పాప మొహానికి నాన్ రీబ్రీదర్ మాస్కు పెట్టాను. కింద సంచి ఉండే మాస్కు ఇది, దాదాపు పూర్తి ఆక్సిజనే లోపలికి పోతుంది. రెండోది వీరేశ్‌కు ఇస్తే వద్దన్నాడు. "నువ్వు పడిపోతే నిన్నెవురు మోస్తారు? పెట్టుకో. ముందు మీ ఇంటామెకు ఫోన్ చెయ్."

"ఏం జెప్పాల?"

"నిజం జెప్పు."

ఫోన్‌లో ఆమె గొంతు నాకూ వినబడింది. "యాడుండారు? పాపకియ్యి ఫోను." అతను ఫోను పాప చెవి దగ్గర పెట్టాడు. పాప పలకలేదు. అతను నర్సింగ్‌హోం పేరు చెప్పగానే ఆమె ఫోన్ పెట్టేసింది.

పెద్ద డాక్టరు ఫోన్‌లో రెండు ముక్కలే చెప్పారు. ఆక్సిజన్ ఆపొద్దు, ఇద్దరినీ కర్నూలుకు పంపండి. అంబులెన్సులో నేనూ ఎక్కాను. తల్లి పరుగున వచ్చి ఎక్కింది, మొగుడివైపు చూడలేదు. నా చూపు ఒకసారి సిలిండరు ముల్లు మీద, ఒకసారి పాప కనురెప్పల మీద. గోనెగండ్ల దాటాక పావని మాస్కు పక్కకు లాగింది.

"అమ్మా, నువ్వెప్పుడొస్తివి? మా డేరా యాడ?"

"డేరా కాల్చేస్తాలే ఉండు" అని తల్లి భోరున ఏడ్చింది. నేను మాస్కు మళ్లీ సరిగ్గా పెట్టాను.

కర్నూలులో రక్తపరీక్ష చేశారు. దారంతా ఆక్సిజన్ పెట్టాక కూడా ఆ వాయువు ఇంకా మిగిలే ఉందని తేలింది. మూడు రోజులకు ఇంటికి పంపారు. సంక్రాంతి దాటాక ముగ్గురూ మా దగ్గరికి వచ్చారు. పావని గలగలా మాట్లాడింది. మళ్లీ పోతారట, ఈసారి అమ్మ కూడానట.

"నేను బోయేది నది సూడ్డానికి గాదు సిస్టరమ్మా, ఈయన్ని కాయడానికి" అంది తల్లి. వీరేశ్ తల వంచుకుని నవ్వాడు.

వాళ్లు అటు వెళ్లగానే కేస్ షీట్ తీసి చూశాను. ఆక్సిజన్ మొదలుపెట్టిన టైము 7.20 అని, డాక్టరు సలహా మేరకు అని రాసి ఉంది. రాత నాది కాదు, ఆ కుర్ర డాక్టరుది. ఆ రాత్రే మూడు పేజీల ఫిర్యాదు రాసి, మర్నాడు పెద్ద డాక్టరు చేతికిచ్చాను. నవ్విన మందుల కుర్రాణ్ణి కూడా వదల్లేదు.

ఆయన మొత్తం చదివారు. "కుంపటి సంగతి 7.40కి తెలిసిందని రాశారు. అంతకుముందు మీకు అనుమానం రాలేదా?"

లేదు అనవచ్చు. నా మనసులో ఏముందో ఏ షీట్‌లోనూ లేదు.

"7.20కే వచ్చింది సార్."

"మరి?"

"మంగళవారం ఆయన నన్ను ఆలోచించొద్దన్నారు సార్, అందరి ముందర."

ఆయన కళ్లద్దాలు తీశారు. "మంగళవారంతో ఆ పాపకేం సంబంధం సిస్టర్?"

ఆ ఇరవై నిమిషాలూ పాపకు ఆక్సిజన్ అందకుండా ఆపింది డాక్టరు తెలియనితనం కాదు, నా పంతం. తెలియనివాడికంటే తెలిసి ఊరుకున్నవాడి తప్పు పెద్దది. మంచం మీదున్న మనిషికి మన మర్యాద బాకీలతో పని లేదు. నేను నేర్చుకున్నది ఇదే. ఇప్పుడు అనుమానం వస్తే నిలబడ్డచోటే పైకి అనేస్తాను. విసుక్కునేవాళ్లు విసుక్కుంటారు.

డాక్టరుకు మెమో ఇచ్చారు. ఆయన నాకింతవరకు క్షమాపణ చెప్పలేదు, నేనూ ఆ మంగళవారం మాటను వదిలిపెట్టలేదు. ఆ రోజు ఫిర్యాదు వెనక్కి తీసుకుంటారా అని పెద్ద డాక్టరు అడిగితే తీసుకోనన్నాను. కాగితాలు ఇమ్మని అడిగి, మూడో పేజీ అడుగున, సంతకానికి పైన మిగిలిన జాగాలో, "7.20కి నాకు అనుమానం వచ్చింది, 7.40 దాకా నేను ఎవరికీ చెప్పలేదు" అని రాసి ఆయన చేతికే తిరిగి ఇచ్చాను. నాకూ మెమో వచ్చింది. దాని మీద మాత్రం నేను ఫిర్యాదు చేయలేదు.