మిరుగుకు ముందు పన్నెండు రోజులు

నా డైరీలన్నీ బీరువాలో వరసగా ఉన్నాయి. ఒక్కరోజు కూడా రాయకుండా వదలలేదని చెప్పుకునేవాణ్ణి. అది పూర్తి నిజం కాదు. అరవైల మొదట్లోని ఒక డైరీలో, మిరుగు, అంటే మృగశిర కార్తెకు ముందు, ఆరు పేజీలు తెల్లగా ఉన్నాయి. వాటికి ముందున్న ఆరు పేజీలు మాత్రం కొట్టివేతలతో నల్లబడ్డాయి.

అప్పటికి నేను బడిపంతులుగా చేరి ఏడాది. మాది కోస్గి దగ్గరి పల్లె, గొర్లు కాసే ఇల్లు. బడిలో చరిత్ర చెప్పేది నేనే. వరంగల్లు, హంపి, గుల్బర్గా, బీదరు, బిజాపూరు, గోల్కొండ. ఒక్కటీ చూడకుండా ఈ ఆరింటి గురించి ఏడాదంతా చెప్పాను. కోట గోడ ఎంత ఉంటుందో చేయి పైకెత్తి చూపించేటప్పుడు నాకే సిగ్గేసేది. ఇంకో ఏడాది అలా చెప్పడం నా వల్ల కాదనిపించింది.

వేసవి సెలవుల్లో మందతో తిరగటం నా వంతు. ఆ ఏడు ఉన్ని కత్తిరింపు తొందరగా ముగియడంతో, మిరుగు వచ్చేదాకా పన్నెండు రోజులు నాయిన నన్ను వదిలిపెట్టాడు. ఊళ్లోనే ఉండే మా అక్క మొగుడు, అంటే బావ, తోడొస్తానన్నాడు. మిరుగు నాటికి విత్తనాల పనికి అతను ఊళ్లో ఉండి తీరాలి. ఒక్కరోజు కూడా పొడిగించే వీల్లేదు.

మొదటిరోజు తెల్లవారేసరికి అవ్వ, అంటే మా అమ్మ, జొన్నరొట్టెలు గట్టిగా కాల్చి, ఎల్లిగడ్డ కారంతో బట్టలో కట్టింది. రెండు గొంగళ్లు మడిచి, మధ్యలో చెంబూ తువ్వాలా పెట్టి, వీపున వేసుకునేలా తాళ్లు కట్టాము. బావ చెప్పులు తొడుక్కుని అరుగు మీద కూర్చున్నాడు. నేను పెన్సిలు పట్టుకుని డైరీ తెరిచాను.

పొరపాటు అక్కడే జరిగింది. రాజులు ఏ వరసలో ఏలారో ఊళ్లను ఆ వరసలోనే చూడాలని నా పట్టు. ముందు వరంగల్లు, తర్వాత హంపి, ఆ తర్వాత గుల్బర్గా, బీదరు, బిజాపూరు, చివరికి గోల్కొండ. పాఠం ఎలా నడుస్తుందో ప్రయాణమూ అలాగే నడవాలి. రైళ్లూ బస్సులూ కలిపి చూస్తే పందొమ్మిది రోజులు తేలింది. హంపి కొట్టేశాను. వరంగల్లు కొట్టేశాను. మొదలు లేని చరిత్ర ఏమిటని మళ్లీ రాశాను. బిజాపూరు పెడితే గోల్కొండ పోయేది. మధ్యాహ్నమైంది.

"ఏం బామ్మర్దీ, కోటలే లేచి మనకాడికి వస్తయా?" అన్నాడు బావ.

"జర ఆగు బావా. రేపు పొద్దుగాల పోదాం."

ఆ మాట ఇంకో నాలుగు పొద్దులు అన్నాను. కట్టిన రొట్టెలు ఇంట్లోనే విప్పుకుని తినేవాళ్లం, అవ్వ మళ్లీ కాల్చేది. మూడోసారి ఆవిడకు కోపం వచ్చింది. "పిండి ఒడిసింది బిడ్డా. గోడకు ఒరిగి తిను, గదే కోట అనుకో."

నాకు కూర్చుంటే లేవాలని, లేస్తే నడవాలని ఉండేది. దొడ్లోకి పోయేవాణ్ణి, వాకిట్లోకి వచ్చేవాణ్ణి. దూరంగా బస్సు చప్పుడు వినిపిస్తే బాట దాకా పోయి తిరిగొచ్చేవాణ్ణి. ఏ ఊరి పేరు మీద గీత గీసినా, నేను చూడవలసింది అదేననిపించేది.

ఆరోరోజు పొద్దున బావ చెప్పులు విడిచి, విత్తనాలు వేసే గొర్రు మా వాకిట్లోనే ముందేసుకుని బిగించడం మొదలుపెట్టాడు. "నీ పట్టిక అయినంక చెప్పు. వచ్చే ఏడు పోదాం," అన్నాడు తలెత్తకుండా. వచ్చే ఏడు అంటే, బడిలో ఇంకో ఏడాది చేయెత్తి కోట గోడ చూపించడమే.

నాయిన అప్పుడే మంద దగ్గర్నుంచి వచ్చాడు. మా ఇద్దరినీ చూసి, "ఏడికి పోతవో సదువు," అన్నాడు. రాజులతో సహా చదివాను. అంతా విన్నాడు.

"రాజులు సరే. నీళ్లేడున్నయి? మంద ఏడ పెడ్తవ్?"

"నాయినా, నేను గొర్లను తోల్కపోతలేను."

"అయితే నువ్వు తాగవా? పండుకోవా?"

బావ గొర్రు వదిలేసి నవ్వాడు. నాయిన చేతికర్రతో మట్టిలో గీత గీశాడు. "తాండూరు. ఆడికెల్లి గుల్బర్గ. గా కోట కందకంల కరువొచ్చిన ఏడు ఐదు పొద్దులు మంద మేపిన. ఆడికెల్లి బీదరు. ఆడి బాయిల నీళ్లు సల్లగుంటయ్. ఇగ ఇంటికి మలుగు."

"గోల్కొండ?"

"ఇంటికి మలిగిన మంద మళ్ల గుట్టెక్కదు."

నాయిన ఆ కోటలు చూశాడని నాకు తెలియదు. ఏడాదంతా ఆయన పక్కన కూర్చునే ఆ పాఠాలు సిద్ధం చేసుకున్నాను. "ఎప్పుడు చెప్పలేదేం నాయినా?" అన్నాను.

"నువ్వెప్పుడు అడిగినవ్?"

రెండు ఊళ్లు, ఆరు రోజులు. చూసుకుంటే గుల్బర్గా ముందు, బీదరు తర్వాత. చరిత్రలో రాజధాని మారింది కూడా ఆ వరసలోనే. ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా లోపలే సంతోషపడ్డాను. బావ మాత్రం చేయి చాపాడు. "పెన్సిలు ఇటియ్యి. మళ్లొచ్చినంక ఇస్త." తీసుకుని తల రుమాలులో దోపుకున్నాడు. ఆ మధ్యాహ్నమే కోస్గిలో బస్సెక్కాం.

తాండూరు స్టేషన్లో పెన్సిలు కోసం నా చేయి ఊరికే జేబులోకి పోయేది. గుల్బర్గా కోట ముందు నిలబడ్డాక పోలేదు. ఆ గోడ ముందు నా చేయి ఎత్తినా ఒకటే, ఎత్తకపోయినా ఒకటే. ద్వారం దాటబోతున్న బావను ఆపి, ముందు కందకం చుట్టూ తిరిగి వద్దామన్నాను. ఎండలో తిట్టుకుంటూ వచ్చాడు.

బీదరు కూడా చూసుకుని, మిరుగుకు ముందటి సాయంత్రం ఇల్లు చేరాం. నాయిన దొడ్లో గొర్రెపిల్ల కాలు చూస్తున్నాడు. గుమ్మటాల గురించి చెప్పాలని నోరు తెరిచాను. ఆయనే ముందు అడిగాడు.

"కందకంల నీళ్లున్నయా?"

"తూర్పు మూలకు జర ఉన్నయి. గడ్డి ఎండింది."

"గప్పుడు గూడ గా మూలకే ఉండె," అని మళ్లీ పిల్ల కాలు పట్టుకున్నాడు.

బావ రుమాలు విప్పి పెన్సిలు ఇచ్చాడు. గడిచిన ఆరు పేజీలు అలాగే వదిలి, కొత్త పేజీలో మొదటి మాటగా కందకం, తూర్పు మూల నీళ్లు అని రాశాను. కింద మిగిలిన నాలుగు ఊళ్ల పేర్లు రాసి, ఎదురుగా నీళ్లకొక గడి, పడకకొక గడి గీశాను. తెల్లవారగానే ఆ పేజీ పట్టుకుని బావ ఇంటికి పోయాను. అతను గొర్రు భుజాన వేసుకుని బయల్దేరుతున్నాడు.

"ఇత్తనాలన్న పడనియ్యవా బామ్మర్దీ?" అన్నాడు.