మా కోడలి గురించి మేం చెప్పిన మంచి

మా కోడలు ఆస్ట్రేలియా ఫెడరల్ పోలీసుల్లో ఏజెంటు ఉద్యోగానికి దరఖాస్తు పెడతానని చెప్పిన రోజు మా అబ్బాయి టీవీ సౌండు పెంచాడు, అంతే.

అప్పుడు సిడ్నీలో టూంగాబీలో ఉండేవాళ్లం. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకమంతా భయపడుతుంటే ఆ భయమే మావాడికి అన్నం పెట్టింది. పాత ప్రోగ్రాముల్లో రెండంకెల ఏడాదిని నాలుగంకెలు చేయడం అతని పని. జనవరి ఒకటి వచ్చింది. ఏమీ ఆగలేదు, మావాడి కాంట్రాక్టు తప్ప. తర్వాత ఒక ఇంటర్నెట్ కంపెనీలో చేరాడు, అదీ ఎన్నాళ్లుంటుందో తెలియదు. నిలకడగా ఉన్న ఉద్యోగం కోడలిదే. పారమటాలో ఒక బీమా ఆఫీసులో దొంగ క్లెయిములు పట్టుకునేది.

ఒక శనివారం పేపరు పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

“అత్తయ్యా, ఫెడరల్ ఏజెంట్లు కావాలంట. పోలీసుల్లోగానీ ఆర్మీలోగానీ చేసుండక్కర్లేదంట. మోసాలు పట్టుకోడం తెలిసుంటే చాలంట. నేను మూడేళ్లుగా చేస్తోంది అదేగా?”

“తుపాకీ ఇస్తారా?”

“ఇస్తారు.”

“అయితే పెట్టు,” అన్నాను.

నాకు అక్షరాలు వచ్చేసరికి నలభై ఆరేళ్లు. మా ఊళ్లో పెద్దవాళ్లకు పెట్టిన సాయంత్రం బడిలో పలక పట్టుకున్నాను. ఆలస్యంగా చదువు వచ్చినవాళ్లకు ఒక జబ్బు ఉంటుంది. కాగితం మీద రాసింది మాత్రమే లెక్కలోకి వస్తుందనీ, నోటితో అనేది గాలిలో పోతుందనీ అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. అలా అనుకోబట్టే కొంప ముంచాను.

ముందు పరుగు పరీక్ష. క్యాసెట్లో కూత వినపడేలోపు ఇరవై మీటర్లు పరిగెత్తాలి, మళ్లీ కూతకు వెనక్కి రావాలి. పోనుపోను కూతలు దగ్గరవుతాయి. ఆఫీసు నుంచి రాగానే ట్రాక్‌సూటు వేసుకుని పార్కుకు పోయేది. టేప్‌రికార్డరు ఒళ్లో పెట్టుకుని నేను బెంచీ మీద కూర్చునేదాన్ని. హాల్లో దండీలు తీస్తుంటే నేను లెక్కపెట్టేదాన్ని. మొదట్లో నాలుగు తీసి తివాచీ మీద పడిపోయేది. ఆర్నెల్లకు ఇరవై దాటింది.

మా తెలుగువాళ్లకు ఇదొక వినోదం. ఒక ఆదివారం పార్కులో బార్బీ, అంటే బార్బెక్యూ విందు, పెట్టుకున్నాం. మా వీధి చివర గుంటూరాయన ఒకాయన ఉండేవారు. అక్కడ కలెక్టరాఫీసులో సూపరింటెండెంటుగా చేసి, రిటైరై కూతురి దగ్గరికి వచ్చారు. ఆయన అందరూ వినేలా మొదలుపెట్టారు.

“ఏవమ్మా, పోలీసు డ్రిల్లు చేస్తున్నావంట? రేపు మా అల్లుడు స్పీడుగా పోతే టికెట్టు రాస్తావా ఏంటి?”

“ఫెడరల్ వాళ్లు స్పీడింగ్ టికెట్లు రాయరంకుల్. మీ అల్లుడుగారు ట్యాక్సు ఎగ్గొడితే మాత్రం వస్తా.”

అందరూ నవ్వారు, అల్లుడు తప్ప. సూపరింటెండెంటుగారి భార్య మా కోడలి చెయ్యి పట్టుకుంది.

“ఎందుకే తల్లీ నీకీ ఖర్మ? మీ ఆయన ఐటీలో ఉన్నాడు, హాయిగా ఉండక.”

“హాయిగానే ఉన్నా ఆంటీ. ఇంకాస్త కావాలనిపించింది.”

పరుగు నెగ్గింది, రాత పరీక్ష నెగ్గింది, ఇంటర్వ్యూ నెగ్గింది. ఇక మిగిలింది విచారణ. పదేళ్లుగా ఎక్కడెక్కడ ఉన్నావు, ఎవరితో ఉన్నావు అన్నీ రాయాల్సిన దస్త్రం అది, పెళ్లి ఆల్బం అంత మందం. కోడలు అన్నీ రాసింది. హారిస్ పార్కు అనే పేటలో అద్దెకున్న నాలుగు నెలలు కూడా రాసింది.

ఆ నాలుగు నెలల సంగతి చెప్పాలి. దరఖాస్తుకు మూడేళ్ల ముందు, బీమా ఆఫీసులో కొత్తగా చేరిన రోజుల్లో ఒక సాయంత్రం ట్రైను ఆలస్యమై ఇంటికి ఎనిమిదింటికి వచ్చింది. మా అబ్బాయి చెంప మీద కొట్టాడు. నేను అక్కడే చిక్కుడుకాయలు తుంచుతున్నాను. వాణ్ణి ఆపలేదు. పైగా “మొగుడన్నాక ఒక దెబ్బ వేస్తాడు, దానికింత ఏడుపా” అన్నాను. ఈ మాట రాయడానికి నా చెయ్యి రావడం లేదు. అయినా రాస్తున్నాను. తెల్లారి సూట్‌కేసు సర్దుకుని హారిస్ పార్కు వెళ్లి, ఇద్దరు నర్సులున్న ఇంట్లో గది అద్దెకు తీసుకుంది. నాలుగు నెలల తర్వాత, మళ్లీ చెయ్యెత్తనని మావాడు ఒప్పుకున్నాకే తిరిగొచ్చింది.

ఆ నాలుగు నెలలూ మేం అందరికీ ఏం చెప్పాం? వాళ్లమ్మకు ఆపరేషనని, ఇండియా వెళ్లిందని. అంతటితో ఆగానా? ఆమె తిరిగొచ్చిన వారానికి హారిస్ పార్కు కొట్లోనే ఆవకాయ సీసాలు కొని, చీటీలు నీళ్లలో నానబెట్టి గీకి, “మా వియ్యపురాలు పంపింది” అని వీధివీధంతా పంచాను. “నేను పంచనత్తయ్యా” అని కోడలు తన గదిలోకి వెళ్లిపోయింది. కానీ కాదని బయట ఎవరితోనూ అనలేదు.

విచారణ ఆఫీసరు మా ఇంటికి వచ్చే రోజు కోడలు నాకు ఒకే మాట చెప్పింది.

“ఉన్నది ఉన్నట్టు చెప్పండత్తయ్యా. బాగా చెప్పక్కర్లేదు.”

సరేనన్నాను. కానీ మనవైపు ఒక పిల్ల గురించి ఎవరైనా వాకబుకు వస్తే ఏం చేస్తాం? పెళ్లివారు వీధిలో అడిగితే, ఆ పిల్ల మొహం చూడనివాళ్లు కూడా “బంగారమండీ” అంటారు. అలా అనకపోతే పాపమని మనకో నమ్మకం. నేను వెంకటగిరి చీర కట్టాను. సున్నుండలు చుట్టి వెండి పళ్లెంలో పెట్టాను. ఆ ఆఫీసరు పొడుగాటి మనిషి, మర్యాదస్తుడు. సున్నుండ వద్దన్నాడు. కాఫీ వద్దన్నాడు. మంచినీళ్లు తాగాడు. ఎవరి ఇంటా ఏమీ తినకూడదన్నది వాళ్ల రూలని నాకేం తెలుసు? పెళ్లివారు పళ్లెం ముట్టకపోతే సంబంధం తప్పిపోయినట్టే. అంతే, పొగడ్త మొదలుపెట్టాను.

ఆఫీసరు ఇంగ్లీషు ప్రశ్నని ఫోనులో తెలుగు చేసి చెప్పే ఆయన అడిగాడు: “ఆవిడ ఎప్పుడైనా ఈ ఇంట్లో కాకుండా వేరేచోట ఉన్నారా అమ్మా?”

“ఒక్క రోజు కూడా లేదు బాబూ. నా కొడుకూ కోడలూ పాలూ నీళ్లూ. వాళ్లమ్మకు ఆపరేషనైతే ఇండియా వెళ్లింది, అంతే.”

ఆఫీసరు రాసుకున్నాడు. అతని మొహంలో ఏ మార్పూ లేదు. బాగా చెప్పానని నేను మురిసిపోయాను.

అక్కణ్ణుంచి సూపరింటెండెంటుగారింటికి వెళ్లాడు. ఆయన పేరు కోడలే రాసింది, పెద్దమనిషి కదా అని. మూడేళ్ల పరిచయం ఉన్న ఆ మహానుభావుడు “పసిపిల్లప్పట్నుంచీ ఎరుగుదును” అన్నాడు. ఇండియా ప్రయాణం సంగతీ చెప్పాడు. ఆయన భార్య ఆవకాయ రుచి కూడా చెప్పింది.

పాస్‌పోర్టులో ఆ ఏడాది ఇండియా ముద్ర లేదు. దస్త్రంలో హారిస్ పార్కు అడ్రసు ఉంది. కోడల్ని మళ్లీ పిలిచారు. ఆమె జరిగింది జరిగినట్టు చెప్పింది. “ఇంట్లోవాళ్లు అబద్ధం చెబుతున్నారని నీకు తెలుసా” అని అడిగారట. తెలుసు అంది. “మూడేళ్లు ఎందుకు ఊరుకున్నావు” అని అడిగారట. పరువు కోసం అంది. ఉత్తరం వచ్చింది. ప్రస్తుతానికి తీసుకోలేం, ఏడాది తర్వాత మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు అని.

“అదేం న్యాయం? నువ్వు నిజమే రాశావుగా!” అని నేను కేకలేశాను.

“దాచిపెట్టే సంగతుంటే దాన్ని అడ్డం పెట్టుకుని ఎవడైనా నన్ను బెదిరించొచ్చత్తయ్యా. వాళ్లకదే భయం. వాళ్లని తప్పుపట్టలేను.”

నన్నూ తప్పుపట్టలేదు. ట్రాక్‌సూటు మడతపెట్టి అలమారలో పెట్టింది. ఆ మడత చూస్తుంటే నా మీద నాకు ఎంత కోపం వచ్చిందంటే, వెండి పళ్లెం తీసుకెళ్లి గ్యారేజీలో విసిరేశాను.

మర్నాడే సూపరింటెండెంటుగారింటికి వెళ్లి, ఇద్దర్నీ కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. చెంపదెబ్బ, సూట్‌కేసు, సీసాల చీటీలు, అన్నీ.

“ఇప్పుడివన్నీ ఎందుకు చెల్లెమ్మా? నేను బాగానే చెప్పాగా,” అన్నారాయన.

“మీరు బాగా చెప్పబట్టే పోయింది అన్నయ్యగారూ. పసిపిల్లప్పట్నుంచీ ఎక్కడ చూశారు దాన్ని? కల్లోనా?”

ఆయన భార్యకు ఇవేవీ పట్టలేదు. “అయితే ఆ ఆవకాయ కొట్లో కొన్నదా?” అని నోరు నొక్కుకుంది. ఒక ఆడపిల్ల చెంపదెబ్బ తిన్నదని చెబితే ఆమెకు బాధ ఆవకాయ గురించి! ఈ జాతితో ఎలా వేగాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ జాతిలో నేనూ ఉన్నాను కాబట్టి ఇంకా మంట.

నెల తర్వాత అలమార తీసి ట్రాక్‌సూటు నేనే బయట పడేశాను. “లే, పార్కుకు పద” అన్నాను. మరుసటి ఏడు మళ్లీ పరుగు, మళ్లీ రాత, మళ్లీ ఇంటర్వ్యూ. ఈసారి విచారణకు ఒక ఆడ ఆఫీసరు వచ్చింది. ముందురోజు మా అబ్బాయి నా గదిలోకి వచ్చి తలుపు వేశాడు.

“అమ్మా, వేరేచోట ఉందని చెప్పు చాలు. కొట్టాడని చెప్పకు. నా కొలీగ్స్‌కి తెలిస్తే నేనేమైపోవాలి?”

“ఒరేయ్, దాన్ని కొట్టినప్పుడు నీ కొలీగ్స్ గుర్తురాలేదా?”

“నీ కొడుకునమ్మా నేను.”

“అందుకే ఆ రోజు నోరు మూసుకున్నాను. ఇక మూసుకోను.”

ఇంట్లో కట్టుకునే నేత చీరతోనే కూర్చున్నాను. పళ్లెం పెట్టలేదు. అడిగింది అడిగినట్టు చెప్పాను. నా కొడుకు కొట్టాడు, నేను చూస్తూ ఊరుకున్నాను, పైగా ఆమెనే అన్నాను, తర్వాత ఊరందరికీ అబద్ధం చెప్పాను, పోయినసారి వచ్చిన మీ ఆఫీసరుకూ చెప్పాను అన్నాను. ఇది నలుగురికీ తెలిసినా మీకు ఫర్వాలేదా అని ఆమె అడిగించింది. తెలియాల్సినవాళ్లకు నేనే చెప్పేశానన్నాను. వసారాలో నిలబడ్డ మా అబ్బాయి కారు తాళాలు తీసుకుని బయటికి వెళ్లిపోయాడు. రెండు నెలలు నాతో మాట్లాడలేదు. నేనూ పలకరించలేదు.

కోడలికి ఉద్యోగం వచ్చింది. శిక్షణకు కాన్‌బెర్రా వెళ్లింది. ఆమె బ్యాచిలో ఒక బడిపంతులు, ఒక నర్సు, గొర్రెల ఉన్ని కత్తిరించే పని చేసిన ఒకతను ఉన్నారట. వీళ్లలో ఒక్కరు కూడా అంతకుముందు లాఠీ పట్టి ఎరగరు. అందరికంటే పెద్దది మా కోడలే.

మూడో వారంలో ఫోను చేసింది. గోడ దూకిస్తే మోకాలు వాచిందట.

“ఏడాది ముందు వెళ్లుంటే వాచేది కాదంటావా?” అని అడిగాను.

“అప్పుడూ వాచేదేలెండి అత్తయ్యా.”

“నన్ను ఊరడించడానికి చెప్పకు. ఆ ఏడాది పోవడం వల్ల నీకేం నష్టం?”

అప్పుడు అసలు సంగతి చెప్పింది.

“నాతోపాటు మొదటిసారి పరీక్ష రాసి అప్పుడే ఉద్యోగంలో చేరిన అమ్మాయి ఇక్కడే ఉందత్తయ్యా. మాకు క్లాసు చెప్పడానికొచ్చింది. ఆమెను మేడమ్ అని పిలవాలి.”

పిలువు అన్నాను.