మూడంటే లేచుడు

మా చిన్నప్పుడు... కొండాపూర్ అవతల పొద్దుగాల విజిల్ ఊదిండ్రంటే పిల్లలమంత రేకుల గుడిసెలల్లకు ఉరికేటోళ్ళం. బిల్డింగుల కోసం బండలు పేలుస్తుండిరి. ఢామ్మన్నదంటే ఇంట్ల గిన్నెలు గలగలమనేటివి. మా అమ్మ ఆ పనిలనే తట్ట మోసేది.

ఆదివారం రేకుల షెడ్డుల ప్రార్థన. రూతమ్మ టీచర్ చింతగింజలు ముందట పెట్టి మాకు బైబిల్ అంకెలు నేర్పేది.

"ఏడంటే?"
"నిండుడు!"
"నలభై అంటే?"
"పరీక్ష!"
"పన్నెండంటే?"

మేం శిష్యులు అనేలోపే మా చెల్లె బుజ్జి లేచేది. "పన్నెండంటే అన్నం బెల్లు, టీచర్!"

"నీది కడుపా, గోనెసంచా?" అని టీచర్ నవ్వేది.

మూడంటే మాత్రం బుజ్జే అందరికంటే ముందుగాల అరిచేది... "లేచుడు!" యోనా మూడు దినాలు చేప కడుపుల ఉన్నడు. యేసయ్య మూడో దినం లేచిండు. శుక్రవారం ఒకటి, శనివారం రెండు, ఆదివారం మూడు... సమాధిల పెట్టిన దినం గూడ లెక్కల పట్టాలని టీచర్ మరీ మరీ చెప్పేది.

ఆ వానకాలం బుజ్జికి జరం వచ్చింది. దవాఖానకు ఎత్తుకపోయిండ్రు... గుడ్డల చుట్టి తెచ్చిండ్రు. ఐదేండ్లది. మంగళవారం బండల ఎనక మట్టిల పెట్టినం.

నేను ఏడ్వలే. "గిదేం పిల్లనే, రాయి లెక్క ఉన్నది" అన్నరు. నాకేం ఫికర్... మంగళవారం ఒకటి, బుధవారం రెండు.

బేస్తవారం తెల్లారంగనే బుజ్జి గులాబీ గౌను, ఒక బన్ను పట్టుకొని ఎవ్వరికి చెప్పకుండ పోయిన. లేస్తే ఆకలైతది కదా దానికి.

పోయి చూస్తే... అమ్మ! నాకంటే ముందే వచ్చి కూసున్నది. ఒడిల టిఫిన్ డబ్బ. వేడి వేడి అన్నం.

"నువ్వెందుకొచ్చినవే?"

"నువ్వెందుకొచ్చినవమ్మా?"

అమ్మ జర జరిగి పక్కన జాగ ఇచ్చింది.

అంతల్నే ఢామ్మన్నది... సమాధి మీది మట్టి కదిలింది. జరజర జారింది. రోజూ ఇనే చప్పుడే, ఆ గడియల మాకు యాదికే రాలే. "బుజ్జీ!" అని కేకేసి అమ్మ రెండు చేతులతోని తవ్వబట్టింది. నేను గూడ తవ్విన...

రెండోసారి ఢామ్మన్నది. అమ్మ చేతులు ఆగినయి.

బండలు.

చీరకు చేతులు తుడుచుకొని ఆ అన్నం నాకే తినిపించింది అమ్మ. తను ఒక్క ముద్ద ముట్టలే.

రూతమ్మ టీచర్ తప్పేం లేదు. ఆమె యేసయ్య సంగతి చెప్పింది... మేం మా పిల్లకు పెట్టుకున్నం.

పోయిన ఏడు నా బిడ్డ పోయింది. పదహారేండ్లది. పొద్దుగాల జడేసి కాలేజీకి పంపిన... పగటీలి ఫోన్ వచ్చింది. ఇప్పటికీ నా తలకెక్కుత లేదు. ఆ జడ నేనే ఏసిన కదా...

అన్నీ తెలిసినదాన్నే. అయినా మూడో దినం డబ్బల అన్నం పెట్టుకొని బిడ్డ సమాధి కాడికి పోయిన. జరసేపటికి ఎవరో ఎనక నుంచి వచ్చి పక్కన కూసున్నరు. మా అమ్మ. కర్ర పట్టుకొని అంత దూరం నడిచొచ్చింది. ఎందుకొచ్చినవని ఈసారి ఇద్దరం అడగలే.

మీరెవరన్న గిట్ల మూడో దినం పోయి కూసున్నరా... ఉంటే జర చెప్పున్రి.

ఇప్పుడు ఆ దిక్కు బండలు లేవు, పేలుడు లేదు... అన్నీ అద్దాల బిల్డింగులే. అప్పుడు మట్టన్న కదిలింది. ఈసారి పొద్దెక్కేదాక చూసినం... కదలలే.