ఖాళీ ఊయల బరువు

దయ్యాలు ఉన్నాయంటే నేను ఏనాడూ నమ్మలేదు. శ్మశానం పక్క చేనులోనే కలుపు తీస్తూ పెరిగాను. మొగుడు పోయాక కళ్లంలో ఒంటిగా కావలి పడుకున్నాను. సోది చెబుతామని వచ్చినవాళ్లను వాకిలి దాటనిచ్చేదాన్ని కాదు. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, ముసలిది ఏదో చూసి జడుసుకుందని ఎవరూ అనుకోకూడదు. నేను కంటితో ఏమీ చూడలేదు. చూసి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. వానలు లేక వేరుశనగకు ఊడలు కూడా దిగని కాలం. మాది పెనుకొండ దగ్గర పల్లె. నా కొడుకు రామాంజి ధర్మవరంలో ఒక పట్టుచీరల షావుకారు దగ్గర కారు నడిపేవాడు. కోడలు నాగమణికి ఏడో నెల. గుత్తి దగ్గరున్న పుట్టింట్లో ఆమెను కాన్పుకు దించి రావాలి. అంతకు ముందు రెండు కడుపులు నిలవకుండా పోయాయి. ఈ బిడ్డయినా దక్కితే చాలని మా అందరి ప్రాణమూ దాని మీదే ఉండేది.

బస్సు కుదుపులు పడవని షావుకారు తన పాత అంబాసిడర్ కారు ఇచ్చాడు. ఎండ తాకకముందే చేరిపోదామని నేను తెల్లవారుజామునే మూట కట్టాను. రామాంజి లెక్క వేరు. వాడికి పెళ్లాన్ని తిప్పి చూపించాలని ఉంది.

"బిడ్డ పుట్టినాక యాడికీ కదల్లేవు నువ్వు. దావలో ఉండే వింతలన్నీ ఇప్పుడే చూసుకో" అన్నాడు.

ఆ బెంగళూరు రోడ్డు చాలా పాతది. రాజుల కాలంలో గుర్రాలు పోయాయి, దొరల కాలంలో ఎద్దుబండ్లు పోయాయి, మా కాలంలో లారీలు పోతున్నాయి. పోయేవాళ్లను ఆపడానికి దాని పొడుగునా ఏవేవో వింతలు పెట్టి ఉంటారు. ఒక పంక్చర్ అంగడి ముందు పాత టైర్లన్నీ పేర్చి మనిషిని నిలబెట్టారు. తలకాయకు బకెట్టు బోర్లించారు.

"అత్తా, వాని పొట్ట చూడు. నాకంటే ముందు వాడే కనేటట్టు ఉండాడు" అని నాగమణి పడీపడీ నవ్వింది.

ఇంకొంచెం దూరం పోతే సిమెంటు సింహం. దాని నోట్లో నుంచి లోపలికి పోతే హోటలు. టీ తాగుదామని రామాంజి కారు నెమ్మది చేశాడు.

"ఆ నోట్లోకి పోతే జేబు నమిలి బయటికి తోస్తారు. పద" అన్నాను. ఇంటి నుంచి తెచ్చుకున్న కూడు ఒళ్లోనే ఉంది మరి.

అనంతపురం దాటాక చింతచెట్టు కొమ్మలకు చెక్క ఊయలలు కట్టి అమ్ముతున్నారు. ఎర్రరంగు, పచ్చరంగు, పైన చిలకలు. రామాంజి దిగి ఒకటి బేరం చేశాడు. నేను ఒప్పుకోలేదు. మా వైపు బిడ్డ పుట్టకముందు ఊయల కొనరు. పేరు పెట్టే రోజున, పిల్లలు బాగా బతికిన ఇంటి నుంచి అడిగి తెచ్చుకుంటారు. తెచ్చేటప్పుడు కూడా ఖాళీగా తేరు. రోట్లో తిప్పే పొత్రాన్ని గుడ్డలో చుట్టి, బిడ్డను పడుకోబెట్టినట్టు అందులో పెట్టి తెస్తారు. ఎందుకని అడిగితే నాకు తెలియదు. మా అమ్మ చేసింది, నేనూ చేశాను.

"ఊరికే దొరికేదానికి దుడ్లు పోస్తావేంరా?" అన్నాను.

"అడుక్కొచ్చిన ఊయల్లో పడుకోవల్లనా నా బిడ్డ?"

"నువ్వు పడుకున్నిందీ అట్లాదాంట్లోనే. ఏం తక్కువైనావు?"

వాడు వినలేదు. ఒంటిచేత్తో ఊయలను ఎత్తి కారు నెత్తిన పెట్టాడు. అంత తేలికది. పొత్రం సంగతి గుర్తుచేస్తే, "కారు పైన రాయా? గుంతలో పడితే జారి అద్దం పగలగొడతాదమ్మా" అని తాడుతో కట్టేశాడు. ఆ మాటా నిజమే అనిపించి ఊరుకున్నాను.

పామిడి ఇంకా రాలేదు. రోడ్డు పక్కన మూట దించుకునే రాళ్లు కనిపించాయి. రెండు నిలువు రాళ్లు, వాటి మీద రొమ్ముల ఎత్తున ఒక అడ్డబండ. నడిచిపోయే కాలంలో నెత్తిన మోపుతో ఒంటరిగా పోయేవాళ్లు, ఒకరి సాయం లేకుండా బరువు దించుకొని మళ్లీ ఎత్తుకోవడానికి అట్లా నిలబెట్టేవారు. చిన్నప్పుడు నేనూ అట్లాంటి బండ మీద కట్టెలమోపు దించినదాన్నే. రామాంజి చూపిస్తానంటే దిగాం. నాగమణి ఆ బండకు వీపు ఆనించి కాసేపు నిలబడి నీళ్లు తాగింది. అంతే. మళ్లీ కారెక్కాం.

పది బారలు పోయామో లేదో, బీడులో నుంచి సుడిగాలి లేచి రోడ్డు మీదికి వచ్చింది. ఎర్రదుమ్ము. అద్దాలు ఎక్కించాం. ఆ కారులో అద్దాలు తిప్పే పిడి ఒకటే ఉండేది, అదే తీసి నాలుగు తలుపులకూ పెట్టుకోవాలి. గాలి పోయింది. అప్పుడు కారు మొరాయించడం మొదలైంది. చదునుగా ఉన్న రోడ్డు మీద, గట్టు ఎక్కుతున్నట్టు మూలిగింది.

"ఏందిది, మూటలు వేసుకున్న లారీ మాదిరి లాగతాండాది" అన్నాడు రామాంజి. ఆ మాట అంటుండగానే వెనకభాగం కిందికి కుంగింది. సీటు కింద స్ప్రింగు కమ్మీలు కిర్రుమన్నాయి. బండి ఆగిపోయింది.

దిగబోతే తలుపు రాలేదు. నా పక్క తలుపూ అంతే. పిడి తిప్పితే తిరుగుతోంది, అద్దం మాత్రం దిగడం లేదు. తల ఎత్తి చూశాను. కారు పైకప్పు రేకు నా నెత్తికి దగ్గరగా ఉంది. పొద్దున ఎక్కినప్పుడు అట్లా లేదు.

చైత్రమాసపు ఎండ. రాష్ట్రంలో ఎక్కడా అంత ఎండ ఉండదేమో. లోపల గాలి వేడెక్కి ముక్కులో మండింది. రామాంజి తలుపును భుజంతో గుద్దాడు, కాళ్లతో తన్నాడు. అద్దం పగలగొట్టేందుకు పనికొచ్చే సామాన్లన్నీ వెనక డిక్కీలో ఉన్నాయి. ఒక లారీ హారన్ కొట్టుకుంటూ పక్క నుంచి వెళ్లిపోయింది. మేం చేతులు ఊపితే ఆ డ్రైవరు కూడా నవ్వి చెయ్యి ఊపాడు.

నాగమణి నా చెయ్యి పట్టుకొని తన కడుపు మీద పెట్టుకుంది.

"అత్తా, బిడ్డ కదల్లేదు. ఆ రాళ్లకాడ్నుంచి కదల్లేదు."

నేను చాలా కడుపుల మీద చెయ్యి పెట్టినదాన్ని. బిడ్డ నిద్రపోతుంటే ఎట్లా ఉంటుందో తెలుసు. ఇది అట్లా లేదు. మా ముగ్గురి ఒళ్లూ చెమటలు కారి కాలిపోతుంటే ఆమె కడుపు కుండలో నీళ్లలాగా చల్లగా ఉంది.

అప్పుడు గొర్రెలు వచ్చాయి. వాటి వెనక ఒక నడివయసు గొర్రెల కాపరి. తలుపు పట్టుకొని లాగాడు. రాయి తీసుకొని ముందు అద్దాన్ని కొట్టాడు. సాలెగూడులాగా పగిలిందే గానీ ఊడి రాలేదు. కారు చుట్టూ తిరిగి చూసి అద్దం దగ్గర నోరు పెట్టి అరిచాడు.

"ఏమప్పా, చక్రాలు మడ్‌గార్డు రెక్కల్లోకి దిగబడిపోయినాయి. పైన ఏం కట్టుకొచ్చినారు?"

"ఊయల" అన్నాడు రామాంజి.

"దాంట్లో?"

"ఏం ల్యా. ఖాళీ."

కాపరి వెనక బంపరు మీదికి ఎక్కాడు. ఊయలను పక్కకు జరపబోయినట్టున్నాడు, రేకు మీద కాళ్లు జారిన చప్పుడైంది. దిగి వచ్చినప్పుడు మొహంలో రంగు లేదు.

"కదల్లేదన్నా. మూరెడు చెక్కకు ఇంత బరువేంది?" అని, వెనక్కి తిరిగి ఆ రాళ్లను చూశాడు. ఆ తర్వాత కారులో నాగమణి కడుపును చూశాడు. "ఆడ ఆగినారా మీరు? అయ్యో అవ్వా, కడుపుతో సచ్చిపోయిన మనిషి పేరున నిలబెట్టిన రాళ్లు గదా అవి. ఆయమ్మ బరువు దిగకుండానే పాయె, పోయేవాళ్ల బరువన్నా దిగనీ అని పెట్టినారంట."

నాకు అప్పుడు తట్టింది. తట్టిందని ఎట్లా చెప్పను, నోరు దానంతట అదే మాట్లాడింది.

"నాయనా, గుండ్రాయి ఒకటి తీసుకో. నీ తలగుడ్డలో చుట్టి ఆ ఊయల్లో పడుకోబెట్టు. విసరొద్దు. బిడ్డను పెట్టినట్టు పెట్టు."

"ఇంకా బరువు ఎక్కిస్తావా అమ్మా? అణిగిపోతాం!" అని రామాంజి కేక వేశాడు.

"నోరు ముయ్యి" అన్నాను.

కాపరి రోడ్డు పక్కన ఎండిపోయిన వాగు దగ్గరికి పరిగెత్తి నున్నటి రాయి తెచ్చాడు. తలగుడ్డ విప్పి చుట్టాడు. పైన ఊయలలో అది మెత్తగా ఆనిన చప్పుడు నాకు వినబడింది. "పడుకో తల్లీ" అని వాడు అనడం కూడా వినబడింది. అట్లా అనమని నేను చెప్పలేదు.

కారు లేచింది. నీళ్లు తాగిన గొడ్డు లేచినట్టు, వెనక నుంచి మెల్లగా లేచింది. తలుపుకు భుజం ఆనించి ఉన్న రామాంజి ఆ తలుపుతోపాటే బయట పడ్డాడు. నా చెయ్యి ఇంకా నాగమణి కడుపు మీదే ఉంది. లోపల నుంచి ఒక్క తన్ను. గట్టిది. నాగమణి అప్పుడు ఏడ్చింది.

కాపరి ఊయలను రాయితో సహా ఒక చేత్తో దించి, తీసుకుపోయి ఆ అడ్డబండ మీద పెట్టి వచ్చాడు. కొత్త ఊయల. చినిగిన గోనెసంచి కూడా పారెయ్యనిదాన్ని, దాని వంక చూడకుండా కారెక్కాను.

బిడ్డ నెలలు నిండాకే పుట్టింది. ఆడపిల్ల. ఇప్పుడు నా ఎదురుగానే తిరుగుతోంది.

రామాంజి ఇప్పటికీ ఒప్పుకోడు. ఎండకు రేకు సాగి తలుపులు బిగుసుకున్నాయంటాడు, పాత కమ్మీలు కుంగాయంటాడు, కడుపులో బిడ్డ ఒక్కోసారి కదలదంటాడు. అన్నీ నిజమే కావచ్చు. నేను చదివింది రెండో తరగతి, కారు సంగతి వాడికే ఎక్కువ తెలుసు.

కానీ ఏమీ లేనప్పుడు కుంగిన బండి, రాయి పెడితే ఎట్లా లేచిందిరా అని అడిగితే మాత్రం వాడు లేచి బయటికి వెళ్లిపోతాడు. నాకూ తెలియదు. ఆ చల్లటి కడుపు మీద చెయ్యి పెట్టినది వాడు కాదు, నేను.