మంచు టైర్లు, మండుటెండ

మొన్న శనివారం మా అత్తగారి ముందు నా పరువు ఎలా పోయిందో చెప్తాను వినండి. పోతే పోయింది గానీ, అంత అందమైన చోట పోతుందని మాత్రం అనుకోలేదు.

మా మోటర్‌హోమ్, అదే మంచం, వంటిల్లూ ఉన్న పెద్ద బండి, సెకండ్‌హ్యాండ్‌ది. అమ్మినాయన ఏటా స్నో చూడ్డానికి కొండలెక్కేవాడట, అందుకని వింటర్ టైర్లు వేయించాడు. "అవి చలికి చేసిన మెత్తటి రబ్బరు, సమ్మర్‌లో మార్చెయ్ రా" అని పాయింట్ కుక్‌లో ఉండే మా ఫ్రెండ్ ప్రసాద్ చెబుతూనే ఉన్నాడు. నేను వింటేగా. "ట్రెడ్ ఎంత లోతుందో చూడు. అరగని టైరు తీసేస్తే పాపం తగుల్తుంది" అన్నాను. మన ఇళ్లలో బకెట్‌కి చిల్లు పడితే మొక్క నాటుతాం గానీ పారేస్తామా?

సోమవారం అత్తగారికి ఇండియా ఫ్లైట్. వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ అడిగింది ఒక్కటే. సీ లేక్ అనే ఊరి దగ్గర ఆకాశమంతా నీళ్లలో కనపడే ఉప్పు సరస్సు చూడాలని. ఈ మధ్య వానలు పడి నీళ్లున్నాయన్నారు. ఇంకో వీకెండ్ లేదు. నేనూ, మా ఆవిడ సునీతా, అత్తగారూ పొద్దున్నే బయల్దేరాం.

బెండిగో ఊరు దాటాక ఎండ నలభై డిగ్రీలు దాటింది. టైర్లు ఒకటే రొద. "శ్రుతి బానే ఉంది" అని అత్తగారు వెనకాల కూనిరాగం అందుకున్నారు. మలుపు తిరిగినప్పుడల్లా బండి పూటుగా తాగినట్టు తూలుతోంది.

"ఊగుతోందేంటి?" అంది సునీత.

"గాలి" అన్నాను. బయట ఒక్క గడ్డిపోచ కదిలితే ఒట్టు.

కాసేపటికి రబ్బరు కాలిన వాసన. దిగి చూస్తే వెనక టైర్లు రెండూ ట్రెడ్ పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయి ఉన్నాయి. ఉన్న స్పేరేమో ఒక్కటే. బండి ఆగిపోతే సాయానికొచ్చే రోడ్‌సైడ్ అసిస్ట్ వాళ్లకి ఫోన్ చేస్తే, ఆ సైజు టైర్లు రేపటికి గానీ రావన్నారు. సునీత చూసిన చూపుకి మిగతావి కూడా కరగాల్సింది.

"అత్తయ్యగారూ, సరస్సు చూపించలేకపోయానండీ" అన్నాను. నిజంగానే ఏడుపొచ్చింది.

ఆవిడ వినడం లేదు, దూరంగా ఎటో చూస్తున్నారు. నేనూ చూశాను. కోతలైపోయిన గోధుమ చేల మీద, ఆ కొస నుంచి ఈ కొస దాకా నీళ్లు. అందులో ఆకాశం. ఎక్కడో ఉన్న ధాన్యం నిలవచేసే పొడుగాటి సైలో కూడా దాన్లో తేలుతోంది. ఇల్లు లేదు, మనిషి లేడు, చప్పుడు లేదు. ఒళ్లు గగుర్పొడిచింది. ఇన్నేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను గానీ, ఈ దేశం ఇంత పెద్దదని నాకు అప్పుడే తెలిసింది.

"ఎన్ని నీళ్లండీ అల్లుడుగారూ" అన్నారు అత్తగారు మెల్లగా.

నా ప్రాణం లేచొచ్చింది. "అవునండీ, అదే సరస్సు" అనేశాను.

ఆవిడ కొంగు నెత్తిన కప్పుకుని నాలుగడుగులు ముందుకేశారు. నీళ్లు నాలుగడుగులు వెనక్కెళ్లాయి. అలాగే నిలబడి చాలాసేపు చూశారు. తర్వాత ఫోన్ తీసి పెద్దాపురంలో ఉన్న చెల్లెలికి వీడియో కాల్ కలిపారు.

"లక్ష్మీ, ఇలా చూడవే. మన ఊళ్లో ఎన్ని చూశాం గానీ, ఇంత గొప్పది నా జన్మలో చూళ్లేదు. మంచు టైర్లేసుకొచ్చి మరీ ఎండమావి చూపించారే మా అల్లుడుగారు."